నాలుగక్షరాల జాతకం

మా అన్నయ్య కూతురు సెలవులకొచ్చి, ఫోన్లో ఏదో వ్యక్తిత్వ పరీక్ష ప్రశ్నలకు నాచేత జవాబులు చెప్పించి, "బాబాయ్, నువ్వు ఐఎన్‌టీపీ. అందుకే నీకు ఏడుపు రాదు" అని తేల్చేసింది. జాతకాలంటే నాకెంత మంటో పాత పాఠకులకు తెలుసు. నక్షత్రాలైనా ఇరవై ఏడు, ఈ లెక్కలో మనుషులు పదహారు రకాలే!

కానీ ఆ మాట గుచ్చుకుంది. ఎందుకో చెప్పాల్సినవాడు, ఈ రకాల లెక్కకు మూలపురుషుడైన స్విస్ మనస్తత్వవేత్త యూంగ్. 1921 నాటి 'సైకలాజికల్ టైప్స్'లో ఆయన లెక్క ఇది: మనసు పనిచేసే తీరులు నాలుగు, ఆలోచన, భావన, ఇంద్రియజ్ఞానం, అంతఃస్ఫురణ. ఒకటి వాడగా వాడగా రాటుదేలుతుంది, దాని ఎదుటిది పసితనంలోనే ఆగిపోతుంది. ఆలోచనకు ఎదురు భావన. నా నాలుగక్షరాల్లో 'టీ' అంటే ఆలోచనే. నా లెక్క తప్పనండి, నవ్వుతాను. నాకు మనసు లేదనండి, ఆ పూట అన్నం మానేస్తాను.

పదేళ్ల కిందట స్నేహితుడి తండ్రి పోతే పరామర్శకు వెళ్లాను. బస్సులో నాలుగు మాటలు బట్టీపట్టాను. గుమ్మంలో చెప్పులు విప్పేసరికి ఒక్కటీ గుర్తులేదు. వాడి పక్కన చాప మీద కూర్చుని, డెత్ సర్టిఫికెట్ కనీసం ఎనిమిది కాపీలు తీసుకోమన్నాను. బ్యాంకుకొకటి, ఇన్సూరెన్సుకొకటి... వేళ్లు మడిచి లెక్క చెబుతుంటే వాళ్లమ్మగారు లేచి లోపలికెళ్లిపోయారు. విని మా ఆవిడ తల పట్టుకుంది.

అప్పట్నుంచి భావనకు సాధన మొదలెట్టాను. పుట్టినరోజులన్నీ డైరీలో రాసుకుని ఫోన్లు చేశాను. కస్టమర్ కేర్ వాళ్లలా మాట్లాడుతున్నావన్నాడు మా బావమరిది.

యూంగ్‌కూ ఒక లోటుంది. ఆలోచన, స్ఫురణ తనకు బలమని, చుట్టూ ఉన్న వాస్తవంతో పొత్తు అంతంతమాత్రమని 1959లో బీబీసీకి తానే చెప్పాడు. అలాంటాయన 1923లో బోలింగెన్ ఊళ్లో సరస్సు ఒడ్డున రాతి ఇల్లు మొదలెట్టాడు. కరెంటు లేదు. కట్టెలు కొట్టుకునేవాడు, వంట చేసుకునేవాడు. 1950లో గోడకని తెప్పించిన రాళ్లలో ఒకటి తప్పు కొలతతో వచ్చింది. మేస్త్రి మండిపడి వెనక్కి పంపబోతే, అది నాదే, ఉండనీయమని దాని మీద అక్షరాలు చెక్కుతూ కూర్చున్నాడు. బలహీనమైనదాన్ని ఇలా సానబెట్టుకోవాలని రాసి ముగిద్దామనుకున్నాను. అయితే ఆయన శిష్యురాలు ఫాన్ ఫ్రాన్జ్ అంత ఆశ పెట్టదు. ఆ బలహీనమైనది నిదానంగానే నడుస్తుంది, తొందరపెడితే రాదంటుంది.

మొన్న ఆ స్నేహితుడే ఫోన్ చేశాడు. ఎనిమిది కాపీల్లో ఆఖరిది పోయిన నెలలో వాడాడట. "అమ్మ ఇప్పటికీ అడుగుతుందిరా, ఆ కాపీల అబ్బాయి బాగున్నాడా అని."

నేను గొంతు సవరించుకుని, పొలం మ్యుటేషన్ ఎంతవరకూ వచ్చిందని అడిగాను.