రాని చిత్రానికి వచ్చిన జనము

గత ఆదివారము ఉదయము మా వీధి మలుపున నుండు వేపచెట్టు నాకు కనబడలేదు. చెట్టు నెవరును కొట్టివేయలేదు. దాని ముందర ఇంటికప్పును మించిన ఫ్లెక్సీ యొకటి నిలిపినారు, అంతే. చిత్రీకరణ ముగియని, విడుదల తేదీ నిర్ణయము కాని, పాట యొక్కటియైనను వెలువడని ఒకానొక తెలుగు చిత్రమునకు స్వాగతము పలుకుచు, దాని నాయకుడు ఆకాశము వంక కోపముగా చూచుచుండగా, అతని మోకాళ్లదగ్గఱ మా వీధి కుఱ్ఱవాండ్రు నల్లకళ్లద్దములు ధరించి వరుసగా నవ్వుచున్నారు. అక్షరములు కన్నడము, మాటలు తెలుగు. బళ్లారిలో ఇది వింత గాదు.

ఈ శీర్షికను మొదటినుండి చదువుచున్న మిత్రులకు నా ఫ్లెక్సీద్వేషము క్రొత్త గాదు. పండుగ కొకటి, పదవి కొకటి, పుట్టినదినమున కొకటి చొప్పున కట్టబడు ఆ గుడ్డలమీద నేను వ్రాసిన దండకములను వారు ఓర్పుతో భరించినారు. నా రెండవ పట్టుదలయు వారికి తెలిసినదే: ఏ చిత్రమునైనను మొదటినాడు చూడరాదు, ఈలలు సద్దుమణిగి, విసరిన కాగితపుముక్కలను ఊడ్చివేసి, హాలులోనికి వచ్చినవాడు చూచుటకే వచ్చునట్టి రెండవ వారమున చూడవలెను. కనుక ఈ వారము నేనేమి వ్రాయుదునో వారు ముందే ఊహించియుందురు. ఇంకను పుట్టని బిడ్డకు బారసాల చేయు ఈ ఉత్సాహమును గూర్చి నాలుగు కటువైన మాటలు వ్రాయుదమనియే నేనును కూర్చున్నాను.

అంతకుముందు విచారణ ధర్మమని తలచి, ఆ ఫ్లెక్సీలో కుడివైపున నిలిచిన వానిని, మా మేడమీద అద్దెకుండువారి అబ్బాయిని, పిలిచి అడిగినాను.

“ఏం నాయనా, ఈ సినిమా ఎప్పుడొస్తుంది?”

“తెలీదు తాతా. వచ్చే ఏడాది అంటాండారు. వాయిదా పడినా పడొచ్చు.”

“పడితే?”

“పడితే ఇంకో ఫ్లెక్సీ కడతాం.”

ఈ సమాధానమునందలి నిబ్బరము నన్ను కొంత కలవరపెట్టినది. వాడు నా ముఖము చూచి, నాకు చరిత్ర తెలియదని జాలిపడి, ‘ఆర్‌ఆర్‌ఆర్’ సంగతి చెప్పనారంభించినాడు. ఆ చిత్రము మొదట 2020 జూలై 30న వచ్చునన్నారు. తరువాత 2021 జనవరి 8 అన్నారు. మహమ్మారి వచ్చి పడగా అదే సంవత్సరము అక్టోబరు 13 అన్నారు. అదియు దాటి 2022 జనవరి 7 అన్నారు. తుదకు 2022 మార్చి 25న వచ్చినది. తన పరీక్షల తేదీలు వాడు ఇంత శ్రద్ధగా జ్ఞాపకముంచుకొనునో లేదో నేనడుగలేదు. ఇప్పుడు రాజమౌళి ‘వారణాసి’ వంతు. 2025 నవంబరులో రామోజీ ఫిల్మ్ సిటీలో దాని పేరు ప్రకటించిన రాత్రినుండి వాని మిత్రమండలిలో దినమునకొక వ్యాఖ్యానము నడచుచున్నదట. కథ యేమో తెలియని చిత్రమునకు ఇన్ని వ్యాఖ్యానములు పుట్టుటను చూచిన మల్లినాథసూరి సిగ్గుపడును.

వాడు చెప్పుచుండగా విన్నకొలదియు నిరీక్షణ మనునది వీరికి సోమరితనము గాదనియు, క్రమము గల ఒక విద్య యనియు తోచినది. పేరు, పిదప గ్లింప్స్, పిదప టీజరు, మొదటిపాట, ట్రైలరు, ప్రీ-రిలీజు సభ; ఒక్కొక్క మెట్టున ఒక్కొక్క విధమైన చర్చ, ఒక్కొక్క విధమైన చందా. ఏ థియేటరున ఎన్ని ఆటలు పడునో ముందుగా ఆరా తీయుట, కటౌటునకు గజమాల కుదుర్చుట, పాలాభిషేకమునకు ప్యాకెట్లు చెప్పియుంచుట, విడుదలకు ముందటి రాత్రి కూర్చుండి పాత వార్తాపత్రికలను చేతులతో చించి సంచులు నింపుట. ఈ చివరి పనియందు నా కాలమ్‌లును చినిగియుండునని నాకు సందేహము కలదు, అయినను అడుగలేదు.

ఇట్టి నిరీక్షణ మా ఊరికి సినిమాతో వచ్చిన జాడ్యము గాదు. బళ్లారి దీనిని నూటముప్పది యేండ్లకు పైగా అభ్యసించినది. 1886లో ధర్మవరము రామకృష్ణమాచార్యులుగారు ఇచ్చట సరసవినోదినీ సభను స్థాపించి తమ నాటకములను తామే ఆడింపసాగినారు. ఆంధ్రనాటక పితామహుడని లోకము వారిని పిలిచినది ఈ ఊరి రంగముమీది కృషికే. వారికి దీటుగా కోలాచలము శ్రీనివాసరావుగారు సుమనోరమ సభను నడపినారు. ఇద్దఱును వకీళ్లు. మా తాతగారు కోర్టులో గుమాస్తాగా నుండి ఆ కాలపు కథలను పోగుచేసికొన్నవారు. పగలు న్యాయాధిపతి యెదుట వాదించుకొన్నవారే రాత్రి రంగస్థలముల మీద మఱల పోటీపడుదురనియు, ఒకరు పురాణముమీద నాటకము వ్రాయుచున్నారని తెలిసినంతనే రెండవవారి పక్షమువారు చరిత్రమీద రానున్న నాటకమును గూర్చి బజారులో ప్రగల్భములు పలుకుదురనియు ఆయన చెప్పెడివారు. వ్రాయుచున్న నాటకమును గూర్చి! అనగా చూడని ఆటకు జయజయధ్వానములు చేయు కుఱ్ఱవాండ్రు ఆనాడును ఉన్నారు; వారికి నల్లకళ్లద్దములు లేవు, తలపాగాలుండెడివి.

ఆ రెండు సభల నడుమ పెరిగినవాడు బళ్లారి రాఘవ. 1880లో తాడిపత్రిలో పుట్టినాడు; ధర్మవరమువారు ఆయనకు మేనమామ; అయినను ఆయనకు గొప్ప పేరు తెచ్చిన వేషములలో ఒకటి కోలాచలమువారి ‘రామరాజు’ నాటకమందలి పఠాను. ఆయనయు వకీలే. స్త్రీపాత్రలను స్త్రీలే ధరింపవలెనని పట్టుబట్టి, కేకలను పద్యములను తగ్గించి, మౌనముతోను కనుచూపుతోను సభను నిలుపగలిగిన ఆ మహానటుని ఆట చూచుటకు చుట్టుపట్ల పల్లెలనుండి బండ్లు కట్టుకొని వచ్చెడివారట. మా తాతగారు మాత్రము క్రొత్త నాటకమును మొదటి ప్రదర్శనమున చూచెడివారు గారు. “మొదటిసారి నటుడు పాత్రను వెదకుతా ఉంటాడు, మూడోసారికి పాత్రే నటుణ్ణి పట్టుకుంటుంది” అనెడివారు. నా రెండవవారపు నియమమునకు మూలమిదియే. ఈ మాటను ఈ శీర్షికలో ఇదివఱకే వ్రాసినానని కొందఱు ఉత్తరములు వ్రాయుదురు, వ్రాయనిండు.

ఆ నియమమును మా తాతగారు జీవితమున ఒక్కసారి అతిక్రమించినారు. 1936లో రాఘవ తెరమీద దుర్యోధనుడుగా కనబడునని విని ఆయన నెలల తరబడి ఎదురుచూచి, మొదటి ఆటకే పోయినారట. ఆ సంవత్సరము ద్రౌపది కథమీదనే రెండు తెలుగు చిత్రములు పోటీగా వచ్చినవి: రాఘవ నటించిన ‘ద్రౌపదీ మానసంరక్షణము’ ఒకటి, యడవల్లి సూర్యనారాయణ దుర్యోధనుడుగా, కన్నాంబ ద్రౌపదిగా నటించిన ‘ద్రౌపదీ వస్త్రాపహరణము’ రెండవది. నేడు సంక్రాంతికి ఇద్దఱు నాయకుల చిత్రములు ఢీకొన్నచో పత్రికలన్నియు అల్లరిచేయును గదా. ఆనాటి ఢీ అంతకు తక్కువది గాదు. గెలిచినది రెండవది. మా ఊరి మహానటుని చిత్రము నిలువలేదు. ఆయన 1939లో గూడవల్లి రామబ్రహ్మము తీసిన ‘రైతుబిడ్డ’లో రైతుగాను, 1940లో ‘చండిక’లోను నటించి, అంతటితో తెరను వదలినాడు.

తాతగారు ఆ ఓటమిని గూర్చి చెప్పిన మాట నాకు ఇన్నాళ్లును సగమే అర్థమైనది. నాటకమైనచో రాఘవ మఱునాడు సరిదిద్దుకొనెడివాడు, తెరమీద సరిదిద్దుకొనుటకు మఱునాడు లేదు, అని ఆయన బాధ. మేడమీది అబ్బాయితో మాటాడి వచ్చి ఈ కాలమ్‌ను వ్రాయ కూర్చున్నప్పుడు రెండవ సగము స్ఫురించినది. నాటకమున రాత్రి రాత్రికి మారునది నటుడు. కావున అతడు కుదురుకొనువఱకు ఆగుట వివేకము. సినిమాయందు నటుడు మొదటి ఆటనుండి కడపటి ఆటవఱకు రవ్వంతయు మారడు. మారునది కుర్చీలలోని జనమే. రెండవ వారమున నేను చూచు చిత్రము మొదటినాడు వారు చూచినదే. నాకు దొరకనిది ఆ జనము. పేరు పడగానే లేచిన గర్జన, ఎవనికిని కథ తెలియదు గనుక వేయిమంది ఒక్క క్షణమున ఊపిరి బిగబట్టుట, ఇంటర్వెల్లులో అపరిచితులు వాదులాడుకొనుట: ఆ చిత్రముయొక్క సజీవ ప్రదర్శన మనదగినది అదే, అది ఒక్కనాడే జరుగును. రంగస్థలమునకు చెల్లిన తాతగారి సూత్రమును నేను తెరకు తగిలించి తిరుగుచున్నాను.

పైగా రెండవ వారమనునదే నేడు అపురూపమైపోయినది. శతదినోత్సవములు జరుపుకొన్న కాలము వేఱు. ఇప్పుడు చిత్రముయొక్క ఆయుర్దాయము తొలి వారాంతముననే తేలిపోవుచున్నది. కొన్ని వారములకే చిత్రములు ఓటీటీలోనికి పోవుచున్నవని 2022 ఆగస్టులో తెలుగు నిర్మాతలు చిత్రీకరణలనే నిలిపి చర్చించుకొనవలసి వచ్చినది. నేను నింపాదిగా బయలుదేరి పోవునప్పటికి చిత్రము మారియుండుట, మారకున్నను వెనుకవరుసలో నేనును, మెలకువతో నున్న గేటుమనిషియు మాత్రమే మిగులుట, నాకు కొంతకాలముగా అనుభవమే. మొదటినాటి జనము లేకున్న ఆ హాలు నా కొఱకు తెఱచియుండదు.

మా ఊరి అభిమానియందు మఱియొక విశేషము కలదు. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గములు ఆంధ్రమునకు, బళ్లారి మైసూరునకు (నేటి కర్ణాటకకు) పోయినవి. 1982లో రామారావుగారు పార్టీ పెట్టినప్పుడును, 2008లో చిరంజీవి పెట్టినప్పుడును, 2014లో పవన్ కల్యాణ్ పెట్టినప్పుడును ఇచ్చటి అభిమానులు జెండాలు మోసినారు, ఓటు వేయుటకు మాత్రము వారికి హక్కు లేదు. ఆ నాయకులు గెలిచినను వీరికి రేషనుకార్డు రాదు, కాంట్రాక్టు రాదు. కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ పోయిననాడు ఏడ్చినవారును ఈ కుఱ్ఱవాండ్రే. ప్రతిఫలాపేక్ష లేని భక్తిని గూర్చి ఉపన్యసించు పెద్దలు ఒకసారి బళ్లారికి వచ్చి చూడవచ్చును.

ఇందుచేత నేను వారి తప్పులన్నిటికి వకాలతు పుచ్చుకొనుట లేదు. 2024 డిసెంబరు 4 రాత్రి హైదరాబాదు సంధ్య థియేటరువద్ద ‘పుష్ప 2’ ప్రీమియరునాటి తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణము పోయినది. బిడ్డ తీవ్రముగా గాయపడినాడు. జనము వచ్చునని నెలల ముందే తెలిసినప్పుడు, ద్వారములను, త్రోవలను, కాపలాను చూచుకొనవలసిన భారము ఎదురుచూచినవానిది గాదు, వానిని రప్పించినవారిది.

నా కోపము ఇప్పుడు మఱియొక దిక్కునకు మఱలినది. 2025 సెప్టెంబరు 12న కర్ణాటక ప్రభుత్వము టికెట్టు ధర రెండువందల రూపాయలు మించరాదని ఉత్తరువు చేసినది. అదే నెల 23న హైకోర్టు దానిని నిలిపివేసినది. రెండు దినములకు తెలుగు చిత్రము ‘ఓజీ’ వచ్చినది. దాని ప్రత్యేక ప్రదర్శనమునకు ఆంధ్రప్రదేశ ప్రభుత్వము వేయి రూపాయలవఱకు అనుమతించినది. గుంతకల్లునకో రాయదుర్గమునకో పోయి ముందుగా చూచివత్తమనుకొను మా కుఱ్ఱవాడు రెండు రాష్ట్రముల ధరలను ప్రక్కప్రక్కన పెట్టి లెక్కవేసికొని, చివరకు ఎక్కువదే యిచ్చి వచ్చును. చిత్రమునకు ప్రాణము పోయువానినుండి పన్నువలె పిండుకొని, తీరికగా వచ్చు నావంటివానికి మామూలు ధరకు కుర్చీ ఇచ్చుట ఏ న్యాయము? నిర్మాతలును, పంపిణీదారులును, ధరల ఉత్తరువులమీద సంతకములు చేయు ఇరు రాష్ట్రముల అధికారులును దీనిని తలక్రిందులు చేయవలెను: మొదటి మూడు దినముల టికెట్టు తగ్గింపుడు; కావలసినచో రెండవ వారమున మా వంటివారివద్ద హెచ్చుగా పుచ్చుకొనుడు, ఇచ్చెదము.