స్థానం వారి ఆహార్యాభినయము

స్థానం నరసింహారావు (1902–1971) గారి గానమును, హావభావములను ప్రశంసించి, ఆహార్యమును ప్రాసంగికముగా మాత్రము పేర్కొనుట విమర్శకులకు పరిపాటి. ఇది సమంజసము కాదు.

ఆంగిక, వాచిక, సాత్త్వికములతోపాటు ఆహార్యమును భరతుడు అభినయముగనే పరిగణించెను. పురుషుడు స్త్రీపాత్ర ధరించునపుడు తక్కిన మూడింటికి ఇదియే ఆధారము. 'శ్రీకృష్ణతులాభారము'న సత్యభామ రాజపత్ని. రోషనార మొగలు రాకుమారి. 'కన్యాశుల్కము'న మధురవాణి వేశ్య. ఒకే దేహము, ఒకే కంఠము ఈ మువ్వురుగా భాసించుటకు చీరకట్టు, కేశరచన, ఆభరణములందలి తారతమ్యమే తొలి సాధనము. పద్యము వినుటకు ముందే ప్రేక్షకుడు పాత్రను గుర్తింపవలెను. కనుకనే స్థానం వారు తమ వేషమును తామే తీర్చుకొనెడివారు.

1885లో ఆరంభమైన సురభి నాటకసమాజమున స్త్రీపాత్రలను స్త్రీలే ధరించిరి. అచట ఆహార్యము పాత్రకు అలంకారము. స్థానం వారికది పాత్రకు ప్రాణము.

అనంతరకాలమున, హైదరాబాదు నాచారమున రామకృష్ణా స్టూడియో వెలసిన చలనచిత్రయుగమున, వేషరచన ప్రత్యేకశిల్పుల వృత్తియైనది. స్థానం వారి రంగస్థలమున నటుడును, ఆ శిల్పియు నొక్కరే. కావున ఆహార్యమును విడిచి వారి నటనను పరిశీలించు విమర్శ అసమగ్రమే యగును.