కోకాపేట మేడలు – ఆకాశరేఖ

ఆకాశరేఖ చెడుట యెట్టిదో 2018లో తిత్లీ తుపాను కొబ్బరితోఁటలను గూల్చిననాఁడు ఉద్దానమున మే మెఱిఁగితిమి. అది గాలి చేసినపని. హైదరాబాదున 2006 నాటి 86వ ప్రభుత్వోత్తరువు స్థలమునుబట్టి మేడకుఁ గల హద్దును దొలఁగింపఁగా, కోకాపేటలో నేఁడు 50 అంతస్తులు మించిన నివాసములు లేచినవి. కూలికిఁబోయి వచ్చిన మా పలాసవారు వానిని జూడఁ దలపాగా జాఱు ననుచున్నారు.

ఎత్తు దోషమని మే మనము. గోపురమును ఎత్తైనదే, దానిని దారినిబోవు వాఁడును తనదనుకొనును. ఈ మేడల యెత్తు లోపలివారికే. 1908 మూసీవఱద పిమ్మట నూరందఱికొఱకుఁ గట్టిన గండిపేట చెరువు కనుచూపును గదికింతయని యమ్ముచున్నారు. గోలకొండ బారాదరినుండి పడమటికిఁ జూచువానికి గాజుగోడ లడ్డుపడుచున్నవి. నేల మిగులునఁట! మిగిలినది ప్రహరీలోపలిదే గదా.

అనుమతికి ముందు, గోలకొండనుండి ఆ మేడ యెట్లు కానవచ్చునో చిత్రించి ప్రజలకుఁ జూపవలెనను నియమమైనఁ జేయరాదా?