ఏ వైపు ముక్కు?

ఎండలు ముదిరాయంటే పిల్లల ముక్కు వెంట నెత్తురు కారడం, పెద్దలు ‘వేడి చేసింది’ అని తేల్చేయడం తెలుగిళ్లలో మామూలే. తల వెనక్కి వంచి మాడు మీద చన్నీళ్లు కొడతారు. వెనక్కి వంచితే నెత్తురు గొంతులోకి దిగుతుంది తప్ప ఆగదు. తల కాస్త ముందుకు వంచి, ముక్కు మెత్తటి భాగాన్ని పది నిమిషాలు వదలకుండా నొక్కిపట్టాలి. చాలామందికి కారణం చిన్నదే. ముక్కు లోపలి అడ్డుగోడ ముందు భాగంలో సన్నటి రక్తనాళాలు అల్లుకుని ఉంటాయి. పొడిగాలికో, గోరు తగిలో చిట్లుతాయి.

మళ్లీ మళ్లీ కారుతుంటే, అనుభవమున్న ఈఎన్‌టీ డాక్టరు లైటు వేసి చూడకముందే ప్రశ్నలు మొదలుపెడతారు. ఏ వైపు? పదిహేనేళ్ల కుర్రాడికి ఎప్పుడూ ఒకే వైపు నెత్తురు, అదే వైపు దిబ్బడ అంటే యాంజియోఫైబ్రోమా గుర్తుకు రావాలి. దాదాపు మగపిల్లలకే, ఎదిగే వయసులో, ముక్కు వెనకాల వచ్చే గడ్డ ఇది. క్యాన్సర్ కాదు గానీ నిండా రక్తనాళాలే. పరీక్షకని ఓపీలోనే ముక్క కోస్తే నెత్తురు ఆపడం ప్రాణాల మీదికి వస్తుంది. అందుకే ముందు స్కానింగ్ తీస్తారు.

ఎక్కడి నీళ్లు తాగావన్న ప్రశ్న వింతగా ఉంటుంది. ఆగ్నేయాసియా తిరిగొచ్చిన ఎడిన్‌బరో యువతి ఒకామెకు 2014లో వారాల తరబడి నెత్తురు కారింది. గడ్డకట్టిన రక్తమనుకున్నది తీరా చూస్తే జలగ! వాగునీళ్లు తాగే హిమాలయ పల్లెల డాక్టర్లకు ఇదేమంత వింత కాదు. జలగ లాలాజలం నెత్తురు గడ్డకట్టనివ్వదు. ముక్కు దగ్గర నీళ్ల గిన్నె పెట్టి, అది తల బయటపెట్టేదాకా కాచుకుని పట్టేస్తారు. ఓపిక ఉండాలంతే.

ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అన్నది మాత్రం ఏ వయసువాళ్లనైనా అడగాల్సిందే.

ఫిన్లండ్ వైద్యుడు ఎరిక్ వాన్ విలబ్రాండ్ అదే అడిగాడు. 1924లో ఆలండ్ దీవులనుంచి ఐదేళ్ల పాపను ఆయన దగ్గరికి తెచ్చారు. ముక్కు, చిగుళ్లు, చిన్న దెబ్బ, ఎక్కడైనా సరే నెత్తురు ఆగేది కాదు. ఆయన ఆ వంశవృక్షమంతా గీశాడు. హీమోఫీలియా ఎక్కువగా మగవాళ్లను పీడిస్తుంది కదా, ఇక్కడ ఆడవాళ్లకూ ఉంది. అంటే ఇది వేరే జబ్బు. 1926లో ఆ సంగతి ప్రచురించాడు. పాప మాత్రం పెద్దమనిషైన కొద్ది నెలలకే, నాలుగో నెలసరిలో, రక్తస్రావంతో చనిపోయింది.

మన దగ్గర ఆ ప్రశ్నకు తోడు ఇంకోటి ఉంది: మేనరికమా? 1918లో స్విస్ పిల్లల వైద్యుడు గ్లాంజ్‌మన్ వర్ణించిన జబ్బు రావాలంటే తల్లీతండ్రీ ఇద్దరినుంచీ లోపమున్న జన్యువు అందాలి. దగ్గరి చుట్టాల పెళ్లిళ్లలో ఆ అవకాశం ఎక్కువ. అత్తామామలు పక్కనుండగా కోడలిని ఈ మాట అడగడానికి నేర్పు కావాలి. నిందలా వినిపిస్తే జవాబే రాదు. ఈ జబ్బులో ప్లేట్‌లెట్ల సంఖ్య సరిగ్గానే ఉంటుంది, కాకపోతే అవి ఒకదానికొకటి అతుక్కోవు. రిపోర్టులో అంకె చూసి హమ్మయ్య అనుకున్నవాళ్లకు, అవి పనిచేస్తున్నాయో లేదో చూసే పరీక్ష వేరే ఉందనీ, అది చిన్న ఊళ్ల ల్యాబుల్లో సాధారణంగా దొరకదనీ డాక్టరే చెప్పాలి.