మగ్గాలవాడలో చరిత్ర చదువు: షోలాపూర్ నుంచి కొన్ని ప్రశ్నలు

"సార్, మా అమ్మమ్మ చెప్పేటి ముచ్చట్లు చరిత్ర అయితయా? పరీక్షల రాస్తె మార్కులు పడ్తయా?" అని కొన్నేళ్ల కిందట షోలాపూర్‌లో బి.ఏ. రెండవ సంవత్సరం చరిత్ర విద్యార్థి ఒకడు నన్నడిగాడు. అక్కడి నేతగాళ్ల మాటలు సేకరించడానికి భవానీ పేఠ్, సాఖర్ పేఠ్ సందుల్లో తిరుగుతున్న రోజులవి. ఇళ్లు చూపించడానికి ఆ అబ్బాయి నా వెంట వచ్చేవాడు. మొదటి ప్రశ్నకు "తప్పకుండా అవుతాయి" అని వెంటనే చెప్పాను. రెండో ప్రశ్నను మాత్రం నవ్వి దాటవేశాను. అలా దాటవేయడం సరికాదని తరవాత అనిపించింది. ఆంధ్ర, తెలంగాణలకు వెలుపల చరిత్ర చదువుకొంటున్న తెలుగు విద్యార్థులందరికీ ఆ రెండో ప్రశ్న వర్తిస్తుంది కాబట్టి ఇక్కడ దాన్ని కొంత వివరంగా చర్చిస్తాను.

షోలాపూర్‌ను చూడనివారి కోసం రెండు మాటలు. మరాఠీ, కన్నడం, తెలుగు, దక్కనీ ఉర్దూ నాలుగూ వీధిలో వినిపించే ఊరది. బొంబాయి నుంచి వచ్చిన రైలుమార్గం 1860 నాటికి అక్కడికి చేరింది. 1877లో మొదటి నూలు మిల్లు వెలసింది. అంతకు ముందునుంచే నైజాం ఇలాకాలోని తెలుగు జిల్లాల పద్మశాలీలు అక్కడికి వచ్చి మహారాష్ట్ర స్త్రీలు కట్టే చీరలు నేశారు. తరవాత చేతిమగ్గం పోయి మరమగ్గం వచ్చింది, చీర పోయి దుప్పటి, తువ్వాలు వచ్చాయి. మగవాళ్లు మరమగ్గాల కార్ఖానాల్లోనూ ఆడవాళ్లు ఇంటిదగ్గర బీడీలు చుట్టే పనిలోనూ కుదురుకున్నారు. శ్రావణ పూర్ణిమనాడు మార్కండేయుని రథం తీసే ఊరేగింపులో ఈ సమాజాన్నంతటినీ ఒక్కచోట చూడవచ్చు.

ఈ వాడలనుంచి కాలేజీకి వెళ్లే విద్యార్థి మూడు భాషల మధ్య చరిత్ర చదువుతాడు. పాఠం మరాఠీలో వింటాడు, పరీక్ష మరాఠీలోనే రాస్తాడు. గురువులు సూచించే పెద్ద గ్రంథాలు ఇంగ్లీషులో ఉంటాయి. తన ఊరి చరిత్రకు సంబంధించిన జీవంగల ఆధారం మాత్రం ఇంట్లో తెలుగులో ఉంటుంది. ఆ తెలుగును అతడు ధారాళంగా మాట్లాడగలడు కాని చదవలేడు, రాయలేడు. నన్నడిగిన అబ్బాయి పరిస్థితి సరిగ్గా ఇదే.

ముందు పాఠం సంగతి. షోలాపూర్ పేరు భారత స్వాతంత్ర్యోద్యమ చరిత్రలో 1930 సందర్భంలో వస్తుంది. మే 5న గాంధీజీ అరెస్టు కావడం, మిల్లు కార్మికుల సమ్మె, 8న పోలీసు కాల్పులు, 12నుంచి మార్షల్ లా. చివరికి 1931 జనవరి 12న ఎరవాడ జైలులో మల్లప్ప ధనశెట్టి, కుర్బాన్ హుసేన్, శ్రీకృష్ణ సారడా, జగన్నాథ శిందే అనే నలుగురిని ఉరితీయడం. ఇది తెలియని షోలాపూర్ విద్యార్థి ఉండడు. తెలియవలసిందే కూడా. అయితే ఈ కథనాన్ని చదివేటప్పుడు ఒక విషయం గమనించాలి. ఇందులో నలుగురికి పేర్లున్నాయి, మిగతావాళ్లంతా 'గుంపు', 'కార్మికులు'. ఆ గుంపు ఏ వాడలనుంచి వచ్చింది, ఏ భాషలో కేకలు వేసింది, మార్షల్ లా రోజుల్లో మగ్గం ఆగిన ఇంట్లో పొయ్యి ఎలా వెలిగింది అనే ప్రశ్నలు పాఠ్యపుస్తకం వేయదు. వేయకపోవడం కుట్ర కాదు. జాతీయోద్యమ చరిత్రకు ఊరు ఒక ఉదాహరణగా మాత్రమే కావాలి, ఆ అవసరం తీరగానే అది పేజీ తిప్పుతుంది.

సరిహద్దుకు ఇవతల మన పుస్తకాల తీరూ అంతే. హైదరాబాదు సంస్థాన చరిత్రలో 1938 డిసెంబరు తప్పక వస్తుంది. ఆణే అధ్యక్షతన షోలాపూర్‌లో ఆర్య మహాసభ జరిగి, మరుసటి ఏడాది సత్యాగ్రహానికి దారి తీసింది. ఆ వాక్యంలో షోలాపూర్ ఒక సభాస్థలి, అంతకు మించి ఏమీ కాదు. సంస్థానం నుంచి బతకవచ్చి, సంస్థానంలో ఇంకా చుట్టాలున్న వేలాది తెలుగు కుటుంబాలు ఆ సభ జరిగిన ఊళ్లోనే ఉన్నాయన్న సంగతి చదువరికి తట్టదు. ఈ విద్యార్థి మహారాష్ట్ర పుస్తకంలో గుంపుగా, మన పుస్తకంలో అసలే లేకుండా మిగిలిపోతున్నాడు.

ఇక షోలాపూర్ నేతగాళ్ల గురించి రాసిన గ్రంథాలు లేవా అంటే, ఉన్నాయి. 1884 నాటి బొంబాయి ప్రెసిడెన్సీ గెజెటీరు జిల్లా సంపుటం ఉంది. విలువైనదే కాని ఆ గెజెటీర్ల పద్ధతి మనకు తెలుసు: కులాల వారీగా తిండి, బట్ట, పెళ్లి, చావు. అక్కడ కులానికి ఆచారాలుంటాయి, కాలం ఉండదు. ఆర్.జి. కాకడే షోలాపూర్ నేత కులాలపై చేసిన సామాజికార్థిక సర్వేను పుణేలోని గోఖలే సంస్థ 1947లో ప్రచురించింది. నగరంపై డి.ఆర్. గాడ్గిల్ అధ్యయనం 1965లో వచ్చింది. బి.ఏ. విద్యార్థి ఈ రెంటినీ చూడాలని నా సలహా. సర్వే పట్టికల్లో ఇంటి ఆదాయమూ అప్పూ కనిపిస్తాయి. ఒక లోపం మాత్రం ఉంది. పట్టికలో కుటుంబం ఆ సంవత్సరానికి బిగుసుకుపోయి ఉంటుంది. నిన్న ఎక్కడుంది, రేపు ఎక్కడికి పోదలచింది అన్నది పట్టికలో పట్టదు.

ఆ నిన్నా రేపూ పట్టుకొన్న రచన డగ్లస్ హేన్స్‌ది. 1870 నుంచి 1960 వరకు పశ్చిమ భారతంలోని చిన్న పట్టణాల నేత పరిశ్రమపై ఆయన పుస్తకం 2012లో వచ్చింది. మిల్లు రాగానే మగ్గం చచ్చిందన్న పాత పాఠాన్ని అది ఒప్పుకోదు. నేతగాళ్లు సరుకు మార్చి, పనిముట్టు మార్చి, కార్ఖానాలు పెట్టి, చివరికి మరమగ్గాలకు మళ్లి నిలబడ్డారని చూపిస్తుంది. ఆ నిలబడటంలో కార్ఖానాదారు ఒకవైపు, అతని దగ్గర కూలికి నేసే సొంత కులంవాడు మరొకవైపు ఉన్నారని కూడా చెబుతుంది. అంతకు ముందు 1999లో హేన్స్, తీర్థంకర్ రాయ్ కలిసి రాసిన వ్యాసం ఇంకా ముఖ్యమైనది. నేతగాళ్లు కదలడం కరువువల్లో పరాయి పాలనవల్లో హఠాత్తుగా మొదలైంది కాదు, పాతకాలంనుంచీ బతుకుతెరువు కోసం ఊళ్లు మారడం వాళ్ల పద్ధతుల్లో ఒకటి అని ఆ వ్యాస సారాంశం.

ఇక్కడే భాష పని మొదలవుతుంది. ఆ అబ్బాయి వాళ్ల అమ్మమ్మను నేను అడిగాను, "మీవాళ్లు ఎందుకు వలస వచ్చారమ్మా?" అని. ఆమె బీడీ ఆకు కత్తిరిస్తూ తల ఎత్తకుండా అన్నది: "వలస ఏంది బిడ్డా, మేం బతుక వచ్చినోళ్లం." నేను దాన్ని యాసగా గుర్తు వేసుకొని ముందుకు వెళ్లిపోయాను. వలస అనే మాటకు బ్రౌన్ నిఘంటువు ఇచ్చే అర్థం శత్రుసేన భయంతో ఇల్లు విడిచి పారిపోవడం. పత్రికల తెలుగులో ఇప్పుడు ఆ భయం అరిగిపోయినా మాట వెనక ఇంకా బాధితుడే ఉన్నాడు. 'బతుకపోవుడు' అనే తెలంగాణ ప్రయోగంలో పారిపోవడం లేదు. అందులో ఒక నిర్ణయం ఉంది, తిరిగి వచ్చే వీలుంది, ముందు వెళ్లిన మేనమామ ఇల్లు ఉంది. ఇద్దరు పండితులు పత్రాలు వెదికి నిలబెట్టిన వాదం ఆ ముసలమ్మ క్రియాపదంలో ఉన్నదని నాకు హోటలు గదికి వచ్చాక గాని వెలగలేదు.

అయితే ఆమె మాటే రుజువు అనుకోకూడదు. 'బతుక వచ్చినం' అనేది డెబ్బై ఏళ్లు బతికి బట్టకట్టినవాళ్లు చెప్పే మాట. నిలదొక్కుకోలేక వెనక్కు పోయినవాళ్లు ఆ వాడలో లేరు, వాళ్లను అడగలేం. పైగా ఆమె ఆ ప్రయాణం చేసిన మనిషి కాదు, చేసినవాళ్ల మనమరాలు. పత్రంతో మాటను, మాటతో పత్రాన్ని ఒరుసుకొంటూ చూడటమే చరిత్ర విద్యార్థి పని.

మనవి అంటే మన శాస్త్రాన్నీ విమర్శించుకోవాలి. భద్రిరాజు కృష్ణమూర్తిగారి నాయకత్వంలో మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ సంపుటం 1962లోను, చేనేత సంపుటం 1971లోను వచ్చాయి. మా తరం భాషాశాస్త్ర విద్యార్థులకు అవి దారిదీపాలు. పడుగు, పేక, నాడె, కండె, అచ్చు వంటి మాటలు జిల్లా జిల్లాకూ ఎలా మారతాయో మేము అక్కడే నేర్చుకొన్నాం. కాని సేకరణ ఆంధ్రప్రదేశ్ జిల్లాలతో ఆగింది. ఒక పథకానికి హద్దు ఉండక తప్పదు. ఆ హద్దునే మేము తెలుగు నేతకు హద్దుగా తీసుకోవడం మా తప్పు. షోలాపూర్‌లో ఒకే ఇంట్లో తాత పడుగు, పేక అంటాడు, మనవడు తాణా, బాణా అంటాడు. కండెను మరాఠీవాళ్లు కాండీ అంటారు. ఎవరినుంచి ఎవరికి పోయిందో తేల్చడం నాకు చేతకాలేదు. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచ అంటారు కదా. మరాఠీ, హిందీల్లో అచ్చుమూసకు వాడే 'సాంచా' అది. షోలాపూర్, భివండి వెళ్లి పని నేర్చి వచ్చినవాళ్ల వెంట పనితోపాటు మాట కూడా వచ్చిందనుకోవడం అసహజం కాదు. బతుకపోవుడు ఒకవైపే సాగలేదని ఈ చిన్న మాట సూచిస్తుంది. నేను ఇలాంటి మాటల జాబితాలు చేసి అచ్చువేశాను. జాబితాలో మాట పక్కన అర్థం ఉంది, చెప్పినవాళ్ల వయసు ఉంది. వాళ్లు ఎవరి కార్ఖానాలో ఎంత కూలికి పనిచేశారో మాత్రం లేదు. అడగడానికి నాకు తోచలేదు. భాషాశాస్త్రవేత్తకు తోచనిది చరిత్ర విద్యార్థికి తోచాలి.

కులపురాణాల సంగతీ ఇక్కడే చెప్పాలి. మార్కండేయుని కుమారుడు భావనారుషి దేవతలకు బట్ట నేశాడనే కథను కూనపులివారు పటం పరిచి పద్మశాలీలకు చెప్పే సంప్రదాయం తెలంగాణలో ఉంది. చదువుకొన్న పిల్లలు దీన్ని రెండు రకాలుగా పాడుచేస్తున్నారు. కొందరు చరిత్ర అని యథాతథంగా రాస్తారు, కొందరు మూఢనమ్మకం అని కొట్టివేస్తారు. భావనారుషి ఎప్పుడు పుట్టాడన్నది మన ప్రశ్న కాదు. పరాయి ఊళ్లో కూలికి నేసే మనుషులకు తమ పూర్వుడు దేవతలకు నేశాడని చెప్పుకోవలసిన అవసరం ఏమిటన్నది ప్రశ్న. కార్ఖానాదారూ కూలివాడూ ఒకే రథం తాడు పట్టుకొన్నప్పుడు వాళ్ల మధ్య ఏ సంగతి మరుగున పడుతుంది, ఏది పైకి వస్తుంది? బి.ఏ. స్థాయిలో ఇంతకంటె మంచి వ్యాసాంశం నాకు తోచదు.

ఇలాంటి పనికి మనకు మాదిరులున్నాయి. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' తెలంగాణ సాయుధ పోరాటంలోని స్త్రీల మాటలను వాళ్ల మాటలుగానే నిలిపింది. బొంబాయి గిరణ్‌గావ్ కార్మికుల జ్ఞాపకాలను మీనా మేనన్, నీరా ఆడార్కర్ 2004లో గ్రంథంగా తెచ్చారు. స్వీడన్‌లో స్వెన్ లిండ్‌క్విస్ట్ 1978లో 'నువ్వు నిలుచున్న చోటే తవ్వు' అనే అర్థం వచ్చే పేరుతో, కార్మికులు తమ పనిచోటు చరిత్రను తామే ఎలా వెదకవచ్చో చెబుతూ పుస్తకం రాశాడు. మహారాష్ట్రలో తెలుగువాళ్లు కేవలం కూలికి పోయినవాళ్లు కారనడానికీ ఆధారాలున్నాయి. జోతీరావు ఫూలే సత్యశోధక సమాజానికి బొంబాయిలో అండగా నిలిచినవారిలో రామయ్య వెంకయ్య అయ్యవారు, జాయా కరాడీ లింగూ తెలుగువారే. బి.ఏ. తెలుగు విద్యార్థుల్లో ఎందరికి ఈ పేర్లు తెలుసో నేను అడిగి చూశాను. సంఖ్య చెబితే సిగ్గుచేటు.

మార్కుల మాటకు వస్తాను. ఆ అబ్బాయి చివరి సంవత్సరంలో తన వాడ గురించి ప్రాజెక్టు రాశాడు. అమ్మమ్మను, పక్కింటి ఇద్దరు ముసలివాళ్లను కూర్చోబెట్టి మాట్లాడించాడు. తాత కాలంనాటి కూలి చీటీలు రెండు రేకుపెట్టెలో దొరికితే వాటిని జతపరిచాడు. రెండు చీటీల మధ్య కూలి తగ్గింది. అమ్మమ్మ జ్ఞాపకంలో మాత్రం ఆ ఏడాది మంచి ఏడాది. ఎందుకని మళ్లీ అడిగితే, ఆ ఏడాదే తాను బీడీ కార్డు సంపాదించానని, ఇంట్లోకి తన చేతి డబ్బు మొదటిసారి వచ్చిందని చెప్పింది. ప్రాజెక్టు మొత్తంలో చరిత్ర అనదగిన పేజీ అదే. మిగతాదంతా పాఠ్యపుస్తకం నుంచి దింపినదే.

రాసింది మరాఠీలో. 'బతుక వచ్చినం' అన్నచోట మొదట స్థలాంతర్ అని రాసి కొట్టివేసి, పొట్ట నింపుకోవడానికి వచ్చామనే అర్థం వచ్చే మరాఠీ పలుకుబడి వేసి, అదీ కొట్టివేసి, చివరికి తెలుగు మాటనే దేవనాగరిలో రాసి పక్కన రెండు వాక్యాల వివరణ ఇచ్చాడు. పరీక్షకులెవరో ఆ మాట కింద ఎర్రసిరాతో గీత గీసి ప్రశ్నార్థకం పెట్టారు. మార్కులు మధ్యరకంగా వచ్చాయి. జెరాక్సు ప్రతి నాకు పంపిస్తూ అట్టమీద రాశాడు, తెలుగులోనే, ఆరు అక్షరదోషాలతో: "సార్, గీత గీసినారు గాని కొట్టెయ్యలేదు."