వంగే ఛాసిస్, వంగని ఛాసిస్

స్లాట్ కారుకు స్టీరింగు లేదు. మనకు తెలిసిన సస్పెన్షనూ లేదు. బ్రేకు పేరుతో విడిగా ఒక్క భాగమైనా ఉండదు. చేతిలోని కంట్రోలరు మీట వదిలేస్తే మోటారు వైర్లు రెండూ ఒకదానికొకటి కలిసిపోతాయి, తిరుగుతున్న మోటారు తనను తానే నిలవరించుకుంటుంది. చెక్క ట్రాకులో తొలిచిన గాడిలోకి కారు ముందున్న గైడ్ అనే చిన్న ప్లాస్టిక్ రెక్క దిగి ఉంటుంది. గాడికి అటూ ఇటూ అతికించిన రాగి అల్లిక పట్టీల నుంచి పన్నెండు వోల్టులో, మరి కాస్త ఎక్కువో కరెంటు అందుతుంది. కారు ఎటు వెళ్ళాలో గాడి చెబుతుంది. మలుపులో ఎంత వేగానికి నిలుస్తుంది, ఎక్కడ గాడి విడిచి ఎగిరిపడుతుంది అన్నది మాత్రం ఛాసిస్ చేతిలో ఉంది.

ఆ ఛాసిస్‌ను ఇత్తడి రేకు, ఇత్తడి గొట్టం, ఉక్కు తీగ తెచ్చుకుని, వంటగది బల్ల మీద సోల్డరింగ్ ఐరన్‌తో అతికి తయారుచేసే పద్ధతి 1960లలో అమెరికాలో బలపడింది. ఇంగ్లండులో ఫ్రెడ్ ఫ్రాన్సిస్ 1957లో స్కేలెక్స్‌ట్రిక్ పేరుతో ఈ ఆటను ఇళ్ళలోకి తెచ్చాడు. అమెరికన్లు దాన్ని ఇళ్ళలోంచి బజారులోకి తెచ్చారు. ఎనిమిది గాళ్ళ పెద్ద ట్రాకులు పెట్టి, గంటకింత అని అద్దె తీసుకునే రేస్‌వేలు ఊరూరా వెలిశాయి. అసలు కారులో ఇరవై నాలుగో వంతు సైజు, అంటే జానెడుకు తక్కువ పొడవున్న కారు అక్కడ ప్రమాణమైంది. కాక్స్, రెవెల్, మోనోగ్రామ్ లాంటి కంపెనీలు డబ్బాలో పెట్టి కిట్లు అమ్మాయి. కాక్స్ మెగ్నీషియంతో పోత పోసిన ఛాసిస్‌లు చూడటానికి ముచ్చటగా ఉండేవి. కానీ పోత పోసిన లోహాన్ని తర్వాత మార్చడం కష్టం. వారం వారం పందెంలో ఓడి, వచ్చే వారానికి ఏదో ఒకటి మార్చి తీరాలనుకునే కుర్రాళ్ళకు అది నచ్చలేదు. తీగ అయితే కోయవచ్చు, వంచవచ్చు, విప్పి మళ్ళీ అతకవచ్చు. ‘కార్ మోడల్’, ‘మోడల్ కార్ సైన్స్’ లాంటి పత్రికలు కూడా ఛాసిస్ కట్టే విధానాలను పాఠకులకు నేర్పుతూ వచ్చాయి.

ఇక్కడ తీగ అంటే పియానో తీగ. కార్బన్ ఎక్కువగా ఉన్న ఉక్కు. వంచితే వెనక్కి వస్తుంది. సుమారు 0.8 మిల్లీమీటర్ల నుంచి 2 మిల్లీమీటర్ల వరకు రకరకాల మందాల్లో దొరుకుతుంది. ఈ మందం విషయంలో కంటిని నమ్మితే దెబ్బతింటాం. తీగ బిగువు దాని వ్యాసంతో సమానంగా పెరగదు, వ్యాసపు నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 1.2 మిల్లీమీటర్ల తీగ తీసేసి 1.4 మిల్లీమీటర్ల తీగ పెడితే తేడా పట్టి చూస్తేగానీ తెలియదు. బిగువు మాత్రం దాదాపు రెట్టింపవుతుంది. కారు నడక మారిపోవడానికి అది చాలు.

ఇత్తడి గొట్టాల సంగతి ఇంకా సరదాగా ఉంటుంది. అమెరికాలో హాబీ దుకాణాలకు గొట్టాలు సరఫరా చేసే కె అండ్ ఎస్ కంపెనీ వాటిని అంగుళంలో ముప్పై రెండో వంతు తేడాతో వరుస సైజుల్లో చేస్తుంది. గోడ మందం ఎలా లెక్కగట్టారంటే ప్రతి గొట్టమూ తన పై సైజు గొట్టంలో సరిగ్గా జారుతుంది. ముందు ఇరుసును ఒక గొట్టంలో దూర్చితే బేరింగు సిద్ధం. గొట్టంలోకి తీగ దూర్చి, గొట్టాన్ని ఒక భాగానికి, తీగ కొసలను మరో భాగానికి అతికితే కీలు సిద్ధం. పైన కప్పే పలచని పాలీకార్బొనేట్ బాడీని పట్టి ఉంచేవి కూడా చిన్న గొట్టం ముక్కలే. బాడీ పక్క నుంచి వాటిలోకి దర్జీ గుండుసూదులు గుచ్చుతారు.

అతకడం దగ్గర అసలు పరీక్ష మొదలవుతుంది. ఇత్తడికి టంకం సులువుగానే పడుతుంది. పియానో తీగకు పడదు. రేడియో పనికి వాడే రోజిన్ ఇక్కడ ఎందుకూ కొరగాదు, ఆమ్లం ఉన్న ఫ్లక్స్ కావాలి. మన ఊళ్ళలో ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాళ్ళు ముందు నవాసారం చల్లి లోహాన్ని శుభ్రం చేసి, ఆ తర్వాతే తగరం అద్దేవారు గదా. ఇదీ ఆ రసాయనమే: పైనున్న తుప్పు పొరను తినేస్తే తప్ప తగరం లోహాన్ని పట్టుకోదు. ఐరన్ మొనను శుభ్రం చేయడానికి ఛాసిస్ కట్టేవాళ్ళు నేటికీ నవాసారం దిమ్మనే వాడతారు. పని అయ్యాక వంటసోడా నీళ్ళతో ఛాసిస్‌ను కడిగి తీరాలి. బద్ధకిస్తే తెల్లారేసరికి తీగ తుప్పు పడుతుంది.

వేడి మీద కూడా పట్టు ఉండాలి. చిన్న ఐరన్‌ను ఎక్కువసేపు ఆనించడం కన్నా పెద్ద మొన ఉన్న బలమైన ఐరన్‌ను క్షణంపాటు ఆనించడం మేలు. ఎందుకంటే ఇత్తడి వేడిని చకచకా పక్కకు పాకిస్తుంది, సెంటీమీటరు దూరంలో ఇంతకుముందు వేసిన అతుకు కరిగి ఊడిపోతుంది. దీనికి పాతకాపుల ఉపాయం రెండు రకాల టంకం. వెండి కలిసిన తగరం సుమారు 221 డిగ్రీల దగ్గర కరుగుతుంది, తగరం సీసం మిశ్రమం 183 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. కదలకూడని అతుకులు మొదట వెండి టంకంతో, తర్వాత మార్చాలనుకునేవి రెండో దానితో వేస్తారు. ఈ వేడికి పియానో తీగ స్ప్రింగు గుణం చెక్కుచెదరదు. ఎర్రగా కాల్చి అతికితే అది పోతుంది.

ఇదంతా జిగ్ మీద జరుగుతుంది. సమతలంగా ఉన్న దిమ్మ మీద ఇరుసులు, గైడ్ స్థానం కదలకుండా పిన్నులు గుచ్చి, వాటి మధ్య తీగలు పేరుస్తారు. తీగను బలవంతంగా నొక్కి పట్టుకుని అతకకూడదు. జిగ్ నుంచి తీయగానే లోపల దాగిన ఒత్తిడి ఛాసిస్‌ను మెలితిప్పేస్తుంది, నాలుగు చక్రాల్లో ఒకటి గాలిలో లేస్తుంది. అందుకే మంచి పనివాడు తీగను వంచడానికి ఎక్కువ సమయం తీసుకుంటాడు, అతకడానికి తక్కువ. తీగ దానంతట అది తన చోట పడుకునేదాకా వంచుతూనే ఉంటాడు.

ఇంత శ్రమ పడేది గట్టి చట్రం కోసమైతే మందపాటి ఇత్తడి పలక ఒకటి సరిపోయేది. స్లాట్ కారుకు ఛాసిస్ అస్థిపంజరం కాదు, స్ప్రింగు. మరీ బిగుసుకుపోయిన కారు మలుపులో కుప్పిగంతులేసి గాడి తప్పుతుంది. మరీ వదులుగా ఉన్నది మలుపు దాటాక ముందుకు దూకకుండా నీరసంగా సాగుతుంది. రెండింటి మధ్య చోటు వెతకడమే విద్య. పక్కపక్కన రెండు తీగలు వేసి కొసల్లో మాత్రమే అతికితే అవి వేర్వేరుగా వంగుతాయి. మధ్యలో ఒక్క టంకం చుక్క వేస్తే చాలు, అవి కలిసి పనిచేయడం మొదలుపెడతాయి, ఛాసిస్ బిగుస్తుంది. పందెం మధ్య విరామంలో ఐరన్ వేడి చేసి ఆ చుక్క వేయవచ్చు, నచ్చకపోతే తీసేయవచ్చు. మోటారునూ వెనక ఇరుసునూ మోసే మధ్య భాగం ఒకటి, బాడీని మోసే పక్క రేకులు వేరు. ఆ రేకులను కీళ్ళ మీద వేలాడదీసి, కదలీ కదలనంత వదులు ఉంచుతారు. మలుపులో బాడీ ఊగిసలాట చక్రాలదాకా వెళ్ళకుండా ఆ వదులు మింగేస్తుంది. ముందు గైడ్‌ను కూడా కీలు చేతికి బిగించిన రోజులున్నాయి. ముందు చక్రాలు ఎగిరినా గైడ్ మాత్రం గాడిలోనే ఉండాలని.

మోటారు ఎలా పడుకోవాలన్నది మరో పెద్ద తగువు. తొలినాళ్ళలో ఎక్కువగా కారు పొడవునా పెట్టేవారు. 1968 ప్రాంతంలో దాన్ని ఇరుసుకు ఏటవాలుగా తిప్పి పెట్టడం మొదలైంది. బరువు వెనక చక్రాలకు దగ్గరైంది, పాత పద్ధతి కార్లు వెనకబడ్డాయి.

ఆ పాటికే ఆట వాడిపోయింది. దశాబ్దం చివరికి రేస్‌వేలు వరుసగా మూతపడ్డాయి. మిగిలినవాళ్ళు వేగం వెంట పడ్డారు. కొన్నేళ్ళకు యంత్రాలు కోసిన ఉక్కు ఛాసిస్‌లు వచ్చి ఐరన్‌ను పక్కకు నెట్టాయి. వేగంలో వాటికి సాటి లేదు. కింగ్ అనే 155 అడుగుల ట్రాకును వింగ్ కార్లనే నేటి అతివేగపు రకం సుమారు సెకనున్నరలో చుట్టేస్తుంది. కన్ను వాటిని అందుకోలేదు. నా మటుకు నాకు, చూడటానికి వీలులేని పందెం పందెమే కాదు.

ఈ శతాబ్దం తొలి దశాబ్దంలో దక్షిణ కాలిఫోర్నియా వాళ్ళు కొందరు డి3 పేరుతో పాత పద్ధతిని నిబంధనలు రాసి మరీ తిరిగి తెచ్చారు. తర్వాత ఐఆర్‌ఆర్‌ఏ అనే సంఘం దాన్ని మరిన్ని చోట్లకు తీసుకెళ్ళింది. మోటార్లు చవకవి, అందరికీ దాదాపు ఒకే రకం. బాడీలు ఆ కాలపువి: 1966లో మొదలై 1974దాకా సాగిన కాన్-ఆమ్ పందేల లోలా, మెక్‌లారెన్, షాపరల్ కార్లు, సన్నటి పాత ఫార్ములా వన్ కార్లు. కాన్-ఆమ్ తరగతిలో మోటారు ఏటవాలుగా, ఫార్ములా వన్ తరగతిలో పొడవునా ఉంటుంది. ఛాసిస్ మాత్రం ఇత్తడితో, తీగతో అతికి కట్టాలి. మోటారుతో కొనలేని వేగాన్ని ఛాసిస్‌లో వెతుక్కోవాల్సిందే.

ముందే కోసిన ఇత్తడి ముక్కలు ఇప్పుడు అమ్ముతున్నారు కాబట్టి ఇది చేతిపని కానేకాదని సణిగేవాళ్ళున్నారు. ఆ మాట ఒప్పుకోను. రేకు ఎవరు కోశారన్నది చిన్న విషయం. ఏ మందం తీగ, ఎంత పొడవు, ఏ అతుకు వేయాలి, ఏది వదిలేయాలి అన్న నిర్ణయాలు ఆ ముక్కలతో పాటు రావు. అవి కూడా యంత్రమే తీసుకుని మధ్య భాగమంతా ఒకే ముక్కగా కోసి ఇచ్చిన రోజు ఈ తరగతి ఎత్తేయడం మంచిది. మీరే మొదలుపెట్టాలనుకుంటే పొడవునా మోటారు పెట్టే సాదా ఛాసిస్‌తో మొదలుపెట్టండి, కీళ్ళు తర్వాత నేర్చుకోవచ్చు. ఆమ్లపు పొగ ఊపిరితిత్తులకు మంచిది కాదు, కిటికీ తెరిచి పని చేయండి. రెండు టంకాల్లో ఒకదానిలో సీసం ఉంటుంది, భోజనానికి ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి.