ఆదివారం ప్లేడే పడ్డవాళ్ల సంఘం

మా బొగ్గు బెల్టు చర్చిల్లో ప్రార్థన విన్నపాలు వింటే ఈ ప్రాంతం సగం అర్థమవుతుంది. కొడుక్కి డిపెండెంట్ ఉద్యోగం రావాలి. అండర్‌గ్రౌండ్ నుంచి సర్ఫేస్‌కు మార్చాలి. కొత్తగూడెం మెడికల్ బోర్డులో ఈసారైనా ‘అన్‌ఫిట్’ రాయాలి. ఒంట్లో బాగాలేదని డాక్టర్లు ఒప్పుకోవాలంటూ దేవుణ్ణి వేడుకోవడం బయటివాళ్లకు వింతగా ఉంటుందేమో గానీ గోదావరిఖనిలో మామూలే. తండ్రి అన్‌ఫిట్ అయితేనే కదా కొడుకు ఫిట్ అయ్యేది!

ఉద్యోగం వచ్చాక సాక్ష్యం చెబుతారు. మిఠాయిలు పంచుతారు, మొదటి జీతంలో దశమభాగం ఇస్తారు. ఆ తర్వాత ఆ ఉద్యోగం ఊసు చర్చిలో మళ్లీ రాదు. రోజుకు ఎనిమిది గంటల చొప్పున రిటైరయ్యేదాకా చేసే పని గురించి వాక్యం ఏమంటుందో అడిగేవాళ్లూ లేరు, చెప్పేవాళ్లూ లేరు. ఆ వెలితి ఉండబట్టే మా కాలనీలో కూడే ఒక చిన్న ఫెలోషిప్‌లో చేరాను. దానికి పేరు లేదు, బోర్డు లేదు. గనిలో దిగేవాళ్లు, నా వంటి వర్క్‌షాపు మనుషులు, ఒక నర్సమ్మ, ఒక టీచరమ్మ, కాంట్రాక్టు పనుల మీద బతికే ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు వస్తారు.

పాస్టరయ్యలు నొచ్చుకోకూడదు గానీ, షిఫ్టుల ఊళ్లో ఆదివారం ఆరాధనకు రాని ప్రతివాడూ విశ్వాసంలో చల్లారినవాడు కాడు. వారమంతా నైట్ షిఫ్టు చేసినవాడు ఆదివారం పొద్దున కుర్చీలో కూచుంటే నిద్రే వస్తుంది. ఇక ప్లేడే సంగతి. సెలవు రోజున పడే డ్యూటీనే ప్లేడే అంటాం, దానికి రెట్టింపు మస్టరు. ఇంటికి అప్పున్నవాడు, కూతురి ఫీజు కట్టాల్సినవాడు ఆ ప్లేడేను వదులుకోగలడా? వదులుకోవాలని ప్రసంగించడం సులువు. మా ఫెలోషిప్‌లో మాత్రం ఎవరి షిఫ్టులు ఎలా ఉన్నాయో చూసి కూడికను ఒక వారం పొద్దున, ఒక వారం సాయంత్రం పెడతారు. నేను చేరడానికి సగం కారణం ఇదే. దేవుడి పేరుతో కూడేవాళ్లు ముందు మనిషి డ్యూటీ చార్టు చూశారు.

బొగ్గుకూ ఇక్కడి సంఘానికీ చుట్టరికం పాతది. భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ 1871లో యెల్లందు దగ్గర బొగ్గు కనుగొన్నాడు. ఆ బొగ్గు కోసం పడిన రైలు పట్టాలతో డోర్నకల్ జంక్షన్ అయింది. 1912లో తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్పుగా వి.ఎస్. అజరయ్య వచ్చింది ఆ డోర్నకల్‌కే. ఆ డోర్నకల్ డయాసిస్‌లోంచే 1978లో సీఎస్ఐ కరీంనగర్ డయాసిస్ వేరుపడింది. ఇంత చుట్టరికం ఉండీ యోబు గ్రంథం ఇరవై ఎనిమిదో అధ్యాయం మీద నేను ఇక్కడ ఒక్క ప్రసంగమూ వినలేదు. అది అచ్చంగా గని పనివాళ్ల అధ్యాయం. మనుషులు చీకట్లోకి వెలుతురు పట్టుకుపోతారు, జనసంచారం లేని చోట వేలాడతారు, కొండల్ని వేళ్లతో సహా పెళ్లగిస్తారు. ఇన్ని తవ్వి తీసే మనిషికి జ్ఞానం మాత్రం ఏ గనిలో దొరుకుతుందని అడుగుతుందది. క్యాప్‌ల్యాంపు పెట్టుకుని రోజూ బాయి దిగేవాడి చేత ఫెలోషిప్‌లో ఆ అధ్యాయం చదివించాం. చదివి, ‘ఇది రాసినాయన బాయి చూసిండు’ అన్నాడు.

పనిచేసే క్రైస్తవులు ఇలా కూడుకోవడం కొత్తేం కాదు. కాలేజీ పిల్లలు ‘ఈయూ’ అని పిలుచుకునే క్రైస్తవ విద్యార్థి సంస్థ యూఈఎస్ఐ 1954 నుంచీ ఉంది. చదువైపోయి ఉద్యోగాల్లో కుదిరినవాళ్లకు అందులోనే ఈజీఎఫ్ అనే విభాగం ఉంది. అది పట్టభద్రుల కోసం. మా దగ్గర జనరల్ మజ్దూర్‌గా చేరే కుర్రాళ్లలోనూ ఇప్పుడు బీటెక్‌లున్నారు కాబట్టి ఆ గీతకు ఇక్కడ పెద్ద అర్థం లేదు. ఇంకా వెనక్కి వెళితే కొరింథులో పౌలు అకుల, ప్రిస్కిల్లల ఇంట్లో ఉండి వాళ్లతో కలిసి డేరాలు కుట్టాడు. అపొస్తలుడని పని మానుకోలేదు.

మా కూడికలో పాటలు తక్కువ, మాటలు ఎక్కువ. ‘ఈ వారం డ్యూటీలో ఏం జరిగింది?’ అన్న ప్రశ్నతో మొదలవుతుంది. మైనింగ్ సర్దార్‌గా చేసే ఒకన్న పైకప్పు పరీక్ష గురించి చెప్పాడు. కర్రతో కొట్టి వినాలి. ఖంగుమంటే రాయి పట్టుమీద ఉన్నట్టు. బోలుగా మోగితే పొర విడిచినట్టు, కింద మనిషి ఉండకూడదు. విన్నాకే రిపోర్టు బుక్కులో రాయాలి. ‘ఇనకుండ రాస్తే మనిషి పానం మీద రాసినట్టే. గా సంతకమే నా ప్రార్థన బ్రదర్’ అన్నాడు. గోదావరిఖనిలో ఇలాంటి మాట ఊరికే వినిపించదు. 2003 జూన్ 16న సెవెన్ ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు విరుచుకుపడి 17 మంది చనిపోయారు. అదే ఏడాది అక్టోబరు 16న 8ఏ గనిలో పైకప్పు కూలి 10 మంది పోయారు. కాపాడమని దేవుణ్ణి అడగాల్సిందే. చెవి పెట్టి వినే సర్దార్‌ను ఇవ్వమనీ అడగాలి.

కాంట్రాక్టు పనిలో కొలతలు రాసే తమ్ముడొకడు, చేయని పనిని చేసినట్టు రాయమని పైవాడు ఒత్తిడి పెడుతున్నాడన్నాడు. ఏ కంపెనీయో వదిలేద్దాం. ‘రాయకు’ అని వెంటనే అన్నది ఎవరు? పర్మినెంట్ ఉద్యోగం ఉన్న నాలాంటివాళ్లం. నర్సమ్మ మమ్మల్ని ఆపి, ‘రాయకపోతే రేపటి నుంచి వాని ఇంట్లకు బియ్యం ఎవరు తెస్తరు?’ అని అడిగింది. ఆ రాత్రి తేలింది పెద్ద సూక్తేం కాదు. అతను రాయనంటే, ఇంకో పని దొరికేదాకా ఇల్లు గడిచే బాధ్యత అందరం పంచుకోవాలని. ఖర్చు పెట్టడానికి సిద్ధపడనివాళ్లు నీతి చెప్పకూడదని నా అభిప్రాయం. అధిక వడ్డీల గిరిగిరి ఫైనాన్సు అప్పుల్లో మునిగినవాళ్ల విషయంలోనూ మా కూడిక అలాగే మొదలుపెట్టింది. ముందు లెక్క కాగితం మీద పెట్టించడం, తర్వాతే ప్రార్థన.

మా కూడికలో మేం నోరు విప్పని సంగతులూ ఉన్నాయి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు కింద క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా లేదు. దాంతో రికార్డులో ఒక మతం, ఆదివారం ఒక మతంగా బతికేవాళ్లు మా మధ్యనే ఉన్నారు. అబద్ధమాడుతున్నారని వాళ్లను నేననలేను. కడుపునూ మనస్సాక్షినీ ఎదురెదురుగా నిలబెట్టిన చట్టం అది. అయినా నిజాయితీ గురించి ఇంత మాట్లాడే మేం దీని దగ్గరికి రాగానే టీ తెప్పించుకుంటాం.

ఇలాంటి ఫెలోషిప్‌లు డ్యూటీలో కరపత్రాలు పంచడానికని కొందరి అనుమానం. మా దగ్గర అది కుదరదని మొదటిరోజే చెబుతారు. బాయి మీద మైసమ్మకు మొక్కి దిగేవాళ్లతో కలిసి చేసే పని ఇది. మన నమ్మకం మన పనిలో కనబడితే చాలు. 1904లో వేల్స్‌లో ఉజ్జీవం నడిపిన ఇవాన్ రాబర్ట్స్ చిన్ననాడే బొగ్గు గనిలో పనికెళ్లినవాడు. ఆ రోజుల్లో మారుమనసు పొందిన కార్మికులు బూతులు మానేసేసరికి, టబ్బులు లాగే గుర్రాలకు వాళ్ల మాటే అర్థం కాలేదని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. నాకు ఆ కథ కరపత్రం కంటే ఎక్కువ నచ్చుతుంది.

చేరాలనుకునేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. మొదటి కూడికలో మీ పని గురించి ఎవరూ ఏమీ అడగకపోతే ఇంకో ఫెలోషిప్ వెతుక్కోండి. పాస్టరయ్యలకొక విన్నపం. మీ సంఘంలో ఎవరిది ఏ షిఫ్టో ఒక కాగితం మీద రాసుకోండి. ఆదివారం ప్లేడే పడినవాళ్ల కోసం వారం మధ్యలో ఒక పూట ఆరాధన పెట్టండి.